రెండున్నర అంగుళాలు తక్కువ

ఆ జీపు నాకంటే పదేళ్లు చిన్నది. మా బాపు దాన్ని వేలంలో కొని తెచ్చినప్పుడు నేను ఇంటర్ చదువుతున్నాను. తరిగొప్పులలో మా పొలానికి పోయే బాట సగం రాళ్లు, సగం ఒర్రెలు. ఆ బాటలో బాపు దాని మీద ఎరువు బస్తాలు మోశాడు, బోరు మోటార్లు మోశాడు, ఒకసారి కాలు విరిగిన దూడను కూడా తెచ్చాడు. నేను స్టీరింగ్ పట్టడం నేర్చుకున్నది దాని మీదే. ఇంజను నాలుగు చక్రాలనూ తిప్పే బండి కాబట్టి, పక్కనున్న చిన్న గేరు వేస్తే ఎంత బురదలోంచైనా గట్టెక్కేది.

తర్వాత నాకు టీచరు ఉద్యోగం వచ్చింది. గార్లలో పెళ్లయింది. మా ఆయనకు అక్కడ విత్తనాల దుకాణం ఉంది. కొత్త జిల్లాలకు ఉద్యోగులను పంచినప్పుడు నేను భూపాలపల్లి జిల్లాలో పడ్డాను. చిట్యాలలో గది అద్దెకు తీసుకున్నాను. బడి మాత్రం అక్కడి నుంచి లోపలికి, బస్సు పోని గూడెంలో ఉంది. మధ్యలో ఒక వాగు. వాగు మీద ఎత్తు తక్కువ సిమెంటు వంతెన. గట్టి వాన పడితే నీళ్లు దాని పైనుంచే పారతాయి. ఇది విని బాపు జీపు తాళం నా చేతిలో పెట్టాడు.

"బస్సు రాని ఊళ్లె నౌకరంటె బండి లేకుంట ఎట్ల బిడ్డా? తీస్కపో. నాకు ట్రాక్టరున్నది."

బడిలో మేం ఇద్దరమే టీచర్లం. రెండో ఆవిడ నాకంటే పన్నెండేళ్లు చిన్నది. చిట్యాలలోనే భర్తతో ఉండేది. రోజూ ఆమెను ఎక్కించుకుని పోయి, సాయంత్రం ఇంటి దగ్గర దింపేదాన్ని. క్రైస్తవులు వాళ్లు. బండి కదలగానే ఆమె కళ్లు మూసుకుని ఒక్క నిమిషం ప్రార్థన చేసుకునేది. "నా డ్రైవింగ్ మీద అంత అనుమానమా?" అని నేను ఆటపట్టించేదాన్ని. పెళ్లయిన ఆరేళ్లకు ఆమె కడుపుతో ఉంది.

ఆ ఎండాకాలం చివర్లో జీపు ముందు భాగం ఊగడం మొదలైంది. చిన్న గుంతలో దిగినా ముక్కు నాలుగైదుసార్లు పైకీ కిందికీ ఆడి గానీ నిలబడేది కాదు. చిట్యాలలో పంక్చర్లు వేసే అతను వంగి చూసి, "ముందు షాకబ్జర్లు రెండూ పోయినయి మేడం, నూనె కారుతున్నది" అన్నాడు. వెనకవి బాగానే ఉన్నాయట.

శనివారం గార్లకు పోతూ మానుకోటలో ఆగాను. స్పేర్ పార్టుల దుకాణాయన బండి పేరు, ఏ సంవత్సరానిదో అడిగాడు. చెప్పాను. లోపలి నుంచి రెండు కొత్తవి తెచ్చి కౌంటరు మీద పెట్టాడు.

"మీ బండికి కంపెనీ సైజు ఇదే అక్కా. కండ్లు మూస్కొని వేస్కోండ్రి."

పక్క షెడ్డులో అరగంటలో బిగించారు. బాపుకు ఫోన్ చేసి అడుగుదామా అని ఒక్క క్షణం అనుకున్నాను. చేయలేదు. నలభై నాలుగేళ్ల మనిషిని, నా బండి సంగతి నేను చూసుకోలేనా అనిపించింది. గార్ల దాకా బండి నీళ్ల మీద పడవలా పోయింది. ఊగడం లేదు. మా ఆయనకు గొప్పగా చెప్పుకున్నాను.

ఒక్కటే చప్పుడు. చక్రం లోతు గుంతలో దిగినప్పుడు ముందు వైపు నుంచి ఠక్‌మని వినిపించేది. ఎవరో సుత్తితో ఒక్క దెబ్బ కొట్టినట్టు. కొత్త సామాను కదా, సర్దుకుంటుందిలే అనుకున్నాను. ఆ చప్పుడును రెండు నెలలు విన్నాను. ఈ మాట రాయడానికి ఇప్పటికీ చెయ్యి వెనకాడుతుంది. వినలేదని చెప్పుకోవడానికి లేదు. విన్నాను.

వానాకాలం నడుమ, ఒక సాయంత్రం నాలుగు దాటాక బడి మూసి బయలుదేరాం. రెండు రోజులు పడి వాన తెరిపిచ్చింది. వాగులో నీళ్లు వంతెన అంచుకు జానెడు కిందుగా, ఎర్రగా, చప్పుడు చేస్తూ పోతున్నాయి. ఆమెకు అప్పటికి ఏడో నెల. నా ఎడమ పక్క సీట్లో, ఒక చెయ్యి పొట్ట మీద, ఒక చెయ్యి ముందున్న కడ్డీ మీద పెట్టుకుని కూర్చుంది.

వంతెన ఎక్కే చోట వాన కోసేసిన గుంత ఉంది. రోజూ నెమ్మదిగా దించి ఎక్కించేదాన్ని. ఆ రోజూ అట్లాగే దించాను. ఎడమ చక్రం గుంతలో పడింది. ఠక్‌మన్న చప్పుడు రాలేదు. దానికి బదులు ఇనుము చీలిన చప్పుడు వచ్చింది. బండి వంతెన మీదికి ఎక్కింది గానీ స్టీరింగ్ తిరగడం లేదు. చెక్కకు మేకు కొట్టినట్టు బిగుసుకుపోయింది. జీపు తనంతట తానే ఎడమకు పోతోంది. బ్రేకు మీద నిలబడ్డాను. తడి సిమెంటు మీద చక్రాలు జారాయి. ముందు ఎడమ చక్రం అంచు దాటింది. కింద ఇనుము సిమెంటును గీసుకుంటూ పోయి, బండి ఒక పక్కకు ఒరిగి ఆగింది.

ఆమె వైపు తలుపు కింద నీళ్లే ఉన్నాయి. ఇంకేమీ లేదు.

"ప్రభువా, ప్రభువా" అంటోంది ఆమె, అరవకుండా, చాలా చిన్న గొంతుతో. నేను ఆమె జబ్బ పట్టుకున్నాను. ఇంకో చేత్తో హ్యాండ్‌బ్రేకు లాగాను. ఊపిరి పీల్చుకుంటే బండి కదులుతుందేమోనని ఇద్దరం ఊపిరి కూడా బిగబట్టాం.

"అక్కా, దిగుతనా?"

"కదలకు. అస్సలు కదలకు."

ఎంతసేపు అట్లా ఉన్నామో చెప్పలేను. ఒడ్డున పత్తిచేలో కలుపు తీస్తున్న ఆడవాళ్లు చూసి పరుగెత్తుకొచ్చారు. వాళ్లలో ఒక పెద్దావిడ ముందు నా వైపు మెట్టు మీద ఎక్కి నిలబడి, మిగతావాళ్లను వెనక బంపరు మీద కూర్చోమంది. బండి బరువు వెనక్కి తేవాలని ఆమెకు ఎవరు చెప్పారో. "నువ్వు మెల్లగ దిగు బిడ్డా, నీ జాగల ఆమె జరుగుతది" అంది. నేను దిగాను. నా కాళ్లకు నేల ఆనినప్పుడు, ముందు నేను దిగాను, ఆమె ఇంకా లోపలే ఉంది అన్న ఆలోచన వచ్చింది. గేరు రాడ్ల మీదుగా, ఆ పొట్టతో, ఆమె అంగుళం అంగుళం జరిగి నా సీట్లోకి వచ్చింది. నలుగురు ఆడవాళ్లు ఎత్తి కిందికి దించారు.

ఆటోలో చిట్యాల దవాఖానకు, అక్కడి నుంచి స్కానింగ్‌కు భూపాలపల్లికి తీసుకుపోయాం. దారిలో ఆమె, "లోపట కదులుత లేదక్కా" అంది.

భూపాలపల్లిలో నర్సు ఆమె పొట్ట మీద జెల్లు రాసి చిన్న యంత్రం ఆనించింది. గరగరమన్న చప్పుడు తప్ప ఏమీ లేదు. నర్సు యంత్రాన్ని ఇటు జరిపింది, అటు జరిపింది. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. నా వెనక గోడ కూడా లేనట్టు అనిపించింది. చిట్యాలలో మాతో ఆటో ఎక్కిన ఆమె భర్త నా పక్కనే ఉన్నాడు, సెల్‌ఫోన్ రెండు చేతుల్లో పిసుకుతూ. అప్పుడు వినిపించింది. దూరంగా గుర్రం ఉరికినట్టు, టకటకటకమని. నర్సు నవ్వింది. ఆమె ఏడ్చింది. నేను బయటికి పోయి వాంతి చేసుకున్నాను.

తిరిగి లోపలికి వస్తుంటే ఆమె భర్త ఎదురై అడిగాడు.

"బండికి ఏమైందక్కా?"

"పాత బండి గద తమ్మీ" అన్నాను. అప్పటికి నాకు తెలిసింది అంతే, నిజమే. కానీ ఆ మాట నోట్లోంచి వస్తుండగానే ఆ ఠక్‌మనే చప్పుడు గుర్తొచ్చింది. దాని గురించి అతనికి చెప్పలేదు.

మర్నాడు ట్రాక్టరు పెట్టి జీపును బయటికి లాగారు. ఎడమ షాక్ అబ్జార్బర్ కింది కొస ఊడిపోయి, స్టీరింగ్ రాడ్డుకూ ఇరుసుకూ నడుమ ఇరుక్కుని ఉంది. పంక్చర్లు వేసే అతను దాన్ని కోసి తీసి నా చేతికిచ్చాడు. "మెల్లగ పోతె నడుస్తది మేడం. కని పెద్ద మిస్త్రీకి చూపియ్యుండ్రి." నడుస్తుందని అతను అన్నాడు గానీ, నేను సీట్లో కూర్చుని తాళం తిప్పబోతే చెయ్యి తిరగలేదు.

బాపుకు ఫోన్ చేశాను. మొదటి బస్సుకు బయలుదేరి మధ్యాహ్నానికి చిట్యాలలో దిగాడు. అరవై ఎనిమిదేళ్ల మనిషి. బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. "జనగామకు పోదాం. చాచా చూడాలె దీన్ని" అన్నాడు. చాచా అంటే జనగామలో షెడ్డు ఉన్న ముసలి మిస్త్రీ. జీపు మా ఇంటికి వచ్చిన నాటి నుంచీ దాని ఒంట్లోని ప్రతి బోల్టూ ఆయనకు తెలుసు.

బాపు నడిపాడు. నేను ఎడమ పక్క సీట్లో కూర్చున్నాను. అక్కడ కూర్చున్నాకే తెలిసింది, ఆ సీట్లోంచి రోడ్డు ఎంత అంచున కనిపిస్తుందో. ముందు ఎడమ వైపు షాక్ అబ్జార్బర్ లేని బండి ప్రతి ఎగుడుదిగుడుకూ ఆ మూలకు మునిగి తేలుతోంది. ఎదురుగా లారీ వచ్చిన ప్రతిసారీ నా కాలు లేని బ్రేకును తొక్కింది. జనగామ చేరేసరికి నా కుడికాలు పిక్క పట్టేసింది. పరకాల దాటాక బాపు, "ఆ పిల్ల ఎట్లున్నది?" అన్నాడు. "బాగనే ఉన్నది బాపు" అన్నాను.

చాచా విరిగిన ముక్కను వెలుతురులో పెట్టి చూశాడు. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు. విరిగిన చోట సగం మెరుస్తోంది, సగం తుప్పు పట్టి ఉంది.

"గిది ఒక్క దినంల ఇరగలే బేటీ. తుప్పున్న కాడ ఎప్పుడో పగిలింది. మెరిసే కాడ మొన్న తెగింది. చప్పుడు రాలేదా నీకు?"

"వచ్చింది చాచా."

"ఎవలు బిగించిండ్రు?"

"నేనే కొన్న. మానుకోటల. కంపెనీ సైజని ఇచ్చిండ్రు."

ఆయన బాపు వైపు తిరిగాడు. "బిడ్డకు చెప్పలేదా నువ్వు?"

బాపు అసలు సంగతి చెప్పాడు. అప్పుడు తెలిసింది నాకు. ఇరవై ఏళ్ల కిందట, రాళ్ల బాటలో అడుగు తగులుతోందని, బాపు ముందు కమాన్ కట్టల్లో, అంటే బండి బరువు మోసే వంపు స్ప్రింగుల్లో, రెండేసి పట్టాలు ఎక్కువ వేయించి బండిని ఎత్తు లేపించాడు. అప్పుడు చాచానే పొడుగు షాక్ అబ్జార్బర్లు వెతికి వేశాడు. నేను తీసి పారేసినవి అవే. దుకాణాయన ఇచ్చిన కంపెనీ సైజు, కంపెనీ ఎత్తులో ఉన్న బండికి సరిపోయేది. నా బండి ఆ ఎత్తులో లేదు. చక్రం గుంతలోకి జారినప్పుడల్లా కమాన్ ఇంకా కిందికి దిగుతుంది, షాక్ అబ్జార్బర్ మాత్రం పూర్తిగా సాగి అయిపోతుంది. ఇరుసు బరువంతా దాని కింది కొసకే వేలాడుతుంది. ఆ ఠక్‌మన్న చప్పుడు అదే.

"నేనన్న అడగాల్సింది" అన్నాను.

"నేనన్న చెప్పాల్సింది" అన్నాడు బాపు.

"తప్పెవలిదని పంచాయితి తర్వాత పెట్టుకోండ్రి" అన్నాడు చాచా. "ఇప్పుడు కొలువుండ్రి."

చాసిస్ కింద జాకీ పెట్టి బండి ముందు భాగాన్ని, చక్రాలు గాలిలో వేలాడేదాకా లేపాడు. పైన బిగించే చోటు నుంచి కింద బిగించే చోటు దాకా టేపు పట్టమన్నాడు. నేను నేల మీద పడుకుని పట్టాను. ఇరవైన్నర అంగుళాలు. నేను కొన్నవాటిలో విరగకుండా మిగిలిన కుడి వైపుదాన్ని విప్పి, బల్ల మీద పెట్టి పూర్తిగా సాగదీశాడు. పద్దెనిమిది.

రెండున్నర అంగుళాలు తక్కువ. నా అరచేయి వెడల్పు కూడా లేదు.

"అయితే పొడుగుది తెస్తే అయిపాయె" అన్నాడు బాపు.

చాచా తల అడ్డంగా ఊపాడు. జాకీ దించి, ఇరుసు పైకి లేచి, దాన్ని ఆపే రబ్బరు ముద్దకు తగిలేదాకా ఒక వైపు చక్రం కింద దిమ్మెలు పేర్చాడు. మళ్లీ కొలవమన్నాడు. పదమూడున్నర. "సాగితె ఇరవైన్నర దాటాలె. ముడుసుకుంటె పదమూడున్నరకు లోపటనే ఉండాలె. ముడుసుకున్నా పొడుగనే ఉన్నదనుకో, చక్రం ఎగిరినప్పుడు అదే దిమ్మ లెక్క అడ్డం నిలవడ్తది. వంగుతది, లేదంటె పైన బిగించిన కాడ చీరుతది. పొట్టిదైతె దిగేటప్పుడు చంపుతది, పొడుగుదైతె ఎక్కేటప్పుడు చంపుతది."

చంపుతది అన్న మాటను ఆయన మామూలుగానే అన్నాడు. నాకు మాత్రం వాగు చప్పుడు వినిపించింది.

"ఎక్కువ పట్టాలే తీసేస్తె?" అని అడిగాను. "బండి మామూలు ఎత్తుకు వస్తది గద. అప్పుడు కంపెనీ సైజే సరిపోతది."

"వస్తది. కని నీ వాగుల రాళ్లు లేవా? గేరుపెట్టె అడుగు తగుల్తె నడిమిట్ల ఆగుతవు. ఆలోచించుకో. బండి నీది, బాట నీది. నేను చెప్త, ఎంచుకునేది నువ్వే."

ఎంచుకునేది నువ్వే. మూడు రోజుల కిందట అయితే ఆ మాటకు గర్వపడేదాన్ని. అప్పుడు మాత్రం ఆయనే ఏదో ఒకటి తెచ్చి బిగిస్తే బాగుండు అనిపించింది. ఎవరైనా నా చేతిలోంచి ఆ పని తీసుకుంటే బాగుండు. వాగు రాళ్లు తలుచుకుని, ఎత్తు అట్లాగే ఉంచమన్నాను. కానీ దానికి సరిపోయే సైజు జనగామలో దొరకలేదు. ఫోన్ల మీద ఫోన్లు చేస్తే, మానుకోటలో పాత జీపులకు రకరకాల సైజులు పెట్టేది ఒక్క దుకాణమే అని తేలింది. నేను కొన్న దుకాణమే.

మర్నాడు రైలెక్కాను. సంచిలో విరిగిన ముక్క, టేపు, చాచా రాసిచ్చిన రెండు అంకెల కాగితం. కాజీపేట దాటేదాకా ఆ కాగితాన్ని ఎన్నిసార్లు తీసి చూశానో. ఇరవైన్నర, పదమూడున్నర. అంకెలు తారుమారయ్యాయేమోనని భయం. టేపు పట్టినప్పుడు నా చెయ్యి వణికిందేమో, అర అంగుళం తప్పు చదివానేమోనని భయం. ఒక స్టేషన్‌లో రైలు ఆగితే చాచాకు ఫోన్ చేసి మళ్లీ కొలవమన్నాను. ఆయన విసుక్కోలేదు. అవే అంకెలు మళ్లీ చదివాడు.

దుకాణాయన నన్ను గుర్తుపట్టాడు. విరిగిన ముక్క కౌంటరు మీద పెట్టాను. ఏం జరిగిందో చెప్పాను. ఆయన ముక్కను చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు.

"బండి ఎత్తు లేపిన సంగతి మీరు చెప్పలే అక్కా" అన్నాడు.

"నాకు తెల్వదు. మీరు గూడ అడగలే."

"అడగలే" అని ఒప్పుకున్నాడు. కోపం తెచ్చుకుందామని వచ్చాను. ఆ ఒక్క మాటతో అది ఎటో పోయింది.

మూడు జతలు తెచ్చి పెట్టాడు. మొదటివి ఎర్ర రంగువి, లావుగా, మెరుస్తూ ఉన్నాయి. "ఎత్తు బండ్లకు పోరగాండ్లు ఇవే వేయిస్తరు. గ్యాస్‌వి" అన్నాడు. టేపు పట్టాను. సాగితే ఇరవై నాలుగు. ముడుచుకుంటే పదిహేను. ముడుచుకున్నా అంగుళమున్నర ఎక్కువ. పక్కన పెట్టేశాను.

మిగిలిన రెండు జతలూ సరిగ్గా ఒకే కొలత. సాగితే ఇరవై ఒకటిన్నర, ముడుచుకుంటే పదమూడు. ఒకటి గ్యాస్‌ది, ఒకటి ఉత్త నూనెది. రెండూ సరిపోతాయి. అక్కడే అసలు భయం మొదలైంది. కొలతలో తప్పయితే టేపు చెబుతుంది. ఇక్కడ చెప్పేవాళ్లు ఎవరూ లేరు.

గ్యాస్‌దాన్ని నేల మీద నిలబెట్టి రెండు చేతులతో నొక్కాను. ఒళ్లంతా బరువు వేస్తే గానీ దిగలేదు. వదలగానే తనంతట తానే పైకి లేచింది. నూనెది బరువుగా, ఒకే తీరుగా దిగింది. వదిలితే అక్కడే ఉంది, లాగితేనే వచ్చింది.

"గట్టిదే తీస్కోండ్రి. గంత ప్రమాదం అయినంక మెత్తటిది ఎందుకు?" అన్నాడు ఆయన.

నాకూ అట్లాగే అనిపించింది. భయపడ్డ మనిషికి గట్టిదే కావాలనిపిస్తుంది. చేయి దాని మీదికే పోయింది. కానీ చాచా నన్ను నేనే వేసుకోమని ఒక ప్రశ్న చెప్పి పంపాడు. బండిలో ఎంత బరువు పోతుంది? ఇద్దరు ఆడవాళ్లం, రెండు సంచులు, నెలకోసారి బడి వంటకు బియ్యం బస్తాలు. అంతే. అంత తేలిక బండికి మరీ గట్టివి వేస్తే చక్రం కంకర మీద అతుక్కుని పోకుండా ఎగురుకుంటూ పోతుందని, ఎగిరినంతసేపు స్టీరింగ్ మాట వినదని ఆయన చెప్పాడు. స్టీరింగ్ మాట వినకపోవడం ఎట్లా ఉంటుందో నాకు తెలుసు.

నూనెవి తీసుకున్నాను. దుకాణం మెట్లు దిగి, మళ్లీ ఎక్కి, ఇంకోసారి కొలిచాను. దుకాణాయన ఈసారి టేపు రెండో కొస తానే పట్టాడు.

బిగించాక చాచా నన్నే నడపమన్నాడు. షెడ్డు వెనక ఒక చక్రం దిమ్మెల మీదికి ఎక్కించి, ఇంకోటి గుంతలోకి దించమన్నాడు. తాను నేల మీద పడుకుని కిందికి చూస్తూ, "ఇంకా, ఇంకా" అన్నాడు. చక్రం గుంతలోకి జారుతున్నప్పుడు నా పళ్లు కరుచుకుపోయాయి. చప్పుడు రాలేదు. మెత్తగా దిగింది. ఆయన షాక్ అబ్జార్బర్ మెరిసే రాడ్డు మీద ఒక రబ్బరు బ్యాండు చుట్టాడు. ఎంత ముడుచుకుంటే బ్యాండు అంత దూరం జరుగుతుంది. "భయమైనప్పుడల్ల వంగి చూస్కో. అది అబద్ధం చెప్పదు" అన్నాడు.

చిట్యాల దాకా నేనే నడిపాను. జనగామలో బాపు తరిగొప్పులకు బస్సెక్కే ముందు, కమాన్ పట్టాల సంగతి, ఎప్పుడో మార్చిన బ్రేకు పైపుల సంగతి, హెడ్‌లైటు తీగల సంగతి, తనకు గుర్తున్నదంతా ఒక నోటుబుక్కులో రాసి ఇచ్చాడు.

ఆ ఆదివారం నా తోటి టీచరు ఇంటికి పోయాను. డాక్టరు విశ్రాంతి తీసుకోమన్నందుకు మంచం మీద పడుకుని ఉంది. ఆమె భర్త కుర్చీ వేశాడు. చాయ్ వచ్చింది. చాయ్ చల్లారిపోయింది. నేను చెప్పాను. షాక్ అబ్జార్బర్లు నేనే కొన్నానని, అడగాల్సింది అడగలేదని, చప్పుడు రెండు నెలలు విని ఊరుకున్నానని.

అతను లేచి బయటికి పోయాడు. ఆమె మంచం మీద లేచి కూర్చుంది.

"అక్కా, నువ్వు చెప్పకపోతె నాకు తెల్వకనే పోయేది" అంది. "ఇన్ని దినాలు దేవుడు కాపాడిండనుకున్న. ఎవలి మీద కోపం రాలే. గిప్పుడు నీ మీద వస్తున్నది."

"రావాలె" అన్నాను.

"కోపం పోయినంక నేనే చెప్త. గప్పటిదాక నన్ను అడగొద్దు."

ఆమె సెలవు పెట్టింది. అప్పటి నుంచి నేనొక్కదాన్నే బడికి పోయి వచ్చాను. రోజూ వాగు దాటాక దిగి, మోకాళ్ల మీద కూర్చుని రబ్బరు బ్యాండు చూసేదాన్ని. మళ్లీ వెనక్కి జరిపి బండెక్కేదాన్ని. బడిపిల్లలు చూసి, మేడం జీపుకు దండం పెడుతోందని చెప్పుకున్నారట. ఎన్నడూ అది చివరిదాకా పోలేదు. అయినా నా భయం తగ్గలేదు. బండి మీద నమ్మకం కుదిరింది. నా చెవి మీదే కుదరలేదు. ఏ చప్పుడును చప్పుడుగా వినాలో, దేన్ని వదిలేయాలో తెలియక, తలుపు గడియ కదిలినా బండి ఆపేదాన్ని. ఎవరినీ ఎక్కించుకోలేదు. గూడెం వాళ్లు చెయ్యెత్తితే, "బండి బాగలేదు" అని చెప్పి పోయేదాన్ని.

ఆమెకు ఆడపిల్ల పుట్టింది. కబురు ఆమె భర్తే చెప్పాడు, ఫోన్లో, పొడిపొడిగా. ఇద్దరూ క్షేమం అన్నాడు. ఫోను పెట్టాక గదిలో తలుపు వేసుకుని ఏడ్చాను.

దసరా సెలవుల తర్వాత ఒక రోజు, మధ్యాహ్నం అన్నం గంట కొట్టాక, గూడెం నుంచి ఒక తల్లి మూడేళ్ల బిడ్డను భుజాన వేసుకుని బడిలోకి వచ్చింది. పొద్దటి నుంచి జ్వరం, రెండుసార్లు ఫిట్స్ వచ్చాయట. అంబులెన్సుకు ఫోన్ కలవడం లేదు. ముందు రోజు వాన పడింది.

"మేడం, నీ బండిల చిట్యాలకు..."

బండి బాగలేదు అన్న మాట నోటి దాకా వచ్చింది. బిడ్డ కళ్లు సగం తెరుచుకుని ఉన్నాయి, దేన్నీ చూడడం లేదు. వంటావిడకు బడి అప్పగించి తాళం తీసుకున్నాను.

తల్లి ఎడమ పక్క సీట్లో కూర్చోబోతే, "వెనక కూర్చో చెల్లె" అన్నాను. ఆమె వెనక కూర్చుంది. వంతెన మీద నీళ్లు లేవు గానీ ఎక్కే చోట గుంత ఇంకా పెద్దదయింది. ఆపాను. దిగి చూద్దామా అనుకున్నాను. వెనక నుంచి బిడ్డ ఊపిరి గురగురమని వినిపించింది. చిన్న గేరు వేసి చక్రం దించాను. దిగింది. ఎక్కింది. స్టీరింగ్ నా చేతిలో తిరిగింది. వంతెన అవతలికి చేరాక ఆ రోజు బ్యాండు చూడడానికి ఆగలేదు.

దవాఖానలో బిడ్డకు సూది వేశారు, తడిగుడ్డలతో తుడిచారు. గంటకు ఒళ్లు చల్లబడింది, నీళ్లు అడిగింది. నేను వరండాలో బల్ల మీద కూర్చున్నాను. చేతులు వణుకుతూనే ఉన్నాయి, ఒళ్లో పెట్టుకుంటే ఒళ్లు కూడా వణికింది. తల్లి బయటికి వచ్చి చూసింది.

"మేడం, నీకు గూడ జెరమొచ్చిందా ఏంది?"

"లేదు, భయమైంది" అన్నాను. ఆ మాట బయటికి అనడం అదే మొదటిసారి.

"నాకు గూడ మస్తు భయమైంది" అంటూ ఆమె నా పక్కన కూర్చుంది.

సంక్రాంతి సెలవుల ముందు నా సహోద్యోగి మళ్లీ బడిలో చేరింది. ఆమె భర్త రోజూ బైకు మీద దింపి పోతాడు. నా జీపు ఎక్కలేదు, నేను రమ్మనలేదు. మధ్యాహ్నం ఇద్దరం ఒకే బల్ల దగ్గర తింటాం. ఒక రోజు తన డబ్బాలోంచి చింతకాయ తొక్కు నా గిన్నెలో వేస్తూ, తల ఎత్తకుండానే, "సగం పోయింది అక్కా" అంది.

కోపం గురించే అని నాకు అర్థం కావడానికి కాసేపు పట్టింది.